డిమెన్షియా వచ్చిన పెద్దవారిని వారి పేరుతో, వారి పనితో నిలుపుకోవడం ఎలా?

డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు, ఉన్న ఇంటికి చుట్టాలు వస్తే ముందుగా అడిగే మాట ఒకటే: "నేనెవరో చెప్పు, గుర్తుపట్టావా?" ప్రేమతోనే అడుగుతారు. కానీ జవాబు దొరకని ఆ పెద్దమనిషికి అది నలుగురి ముందు పెట్టిన పరీక్ష. ఆయన నవ్వి ఊరుకుంటారు, లేదా ముఖం తిప్పుకుంటారు. చుట్టాలు వాకిట్లోకి వచ్చి "ఇంకేముంది, మనిషి పోయినట్టే" అని నిట్టూరుస్తారు. ఆ మాటను ఒప్పుకోని వారి కోసమే ఇది రాస్తున్నాను.

ఒక మనిషి ఎవరన్నది ఆ మనిషి తలలో మాత్రమే దాచి ఉండదు. "బాపూ" అని పిలిచే కూతురి దగ్గర కొంత ఉంటుంది, "నమస్తే సార్" అనే పాత శిష్యుడి దగ్గర కొంత ఉంటుంది, రోజూ కూర్చునే అరుగు మీద కొంత ఉంటుంది. బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త టామ్ కిట్‌వుడ్ 1990లలో ఈ సంగతిని వైద్యలోకం ముందు గట్టిగా పెట్టారు. మనిషిగా నిలబడే స్థానాన్ని చుట్టూ ఉన్నవాళ్లే గుర్తింపుతో, గౌరవంతో, నమ్మకంతో ఇస్తారని ఆయన వాదన. అందుకోలేనంత వేగంగా మాట్లాడడం, చిన్నపిల్లల్లా చూడడం, ఎదురుగా ఉండగానే లేనట్టు మాట్లాడుకోవడం, మాయమాటలతో పని జరిపించుకోవడం ఆ స్థానాన్ని ఎలా లాగేస్తాయో ఆయన ఒక్కొక్కటిగా రాశారు. ఇవన్నీ చాలాసార్లు ప్రేమగా చూసుకునేవాళ్ల చేతుల్లోనే జరిగిపోతాయని కూడా చెప్పారు. అందుకే ఇది మనందరికీ సంబంధించిన విషయం.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. వీరిలో ఎక్కువమందిని చూసుకునేది ఇంటివాళ్లే. వరంగల్, హనుమకొండ, కాజీపేట ఇళ్లలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఏ పని ముందు చేయాలో, ఏది ఎలా చేయాలో చెబుతాను.

ముందు డాక్టరు దగ్గరికి

మరుపు కనిపించగానే డిమెన్షియా అని ముద్ర వేయకండి. థైరాయిడ్ తేడాలు, విటమిన్ బి12 లోపం, మనసులోని దిగులు, వినికిడి తగ్గడం, కొన్ని మందుల ప్రభావం కూడా అలాగే కనిపిస్తాయి, వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో గానీ, నరాల వైద్యుల దగ్గర గానీ చూపించండి. వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. మార్పు ఎప్పటి నుంచి, ఎలా మొదలైందో ఒక కాగితం మీద రాసుకోండి. డాక్టరు గదిలో మీరొక్కరే మాట్లాడకండి. ముందు పెద్దవారిని చెప్పనివ్వండి, తర్వాత మీరు అందుకోండి.

ఒక హెచ్చరిక. నిన్నటి వరకు ఒక తీరుగా ఉన్నవారు ఒకటి రెండు రోజుల్లోనే అయోమయంలో పడినా, మగతగా ఉన్నా, లేనివి కనిపిస్తున్నాయన్నా, "జబ్బు ముదిరింది" అనుకుని ఊరుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, జ్వరం, మలబద్ధకం, కొత్తగా వేసిన మందు కారణం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మన దగ్గర ఎండాకాలంలో ఇది మరీ ముఖ్యం. దాహం వేస్తోందని వాళ్లు చెప్పలేకపోవచ్చు.

ఒక నోటుపుస్తకం కొనండి

అన్ని పనుల్లో ముఖ్యమైనది ఇదే అని నా నమ్మకం. రెండు వందల పేజీల నోటుపుస్తకం కొని, ఆ మనిషి జీవితాన్ని అందులోకి ఎక్కించండి. ఇంకా చెప్పగలిగే దశలోనే మొదలుపెడితే వారి నోటితోనే రాయవచ్చు. ఆలస్యమైతే తోబుట్టువులను, పుట్టింటివాళ్లను, కలిసి పనిచేసినవాళ్లను అడగండి. కొడుకులకు తండ్రి ఇంట్లో ఎలా ఉండేవాడో తెలుస్తుంది, పనిలో ఎలా ఉండేవాడో తెలియదు. అది చెప్పేది పాత సహోద్యోగులే.

పుట్టిన తేదీలు, ఉద్యోగ వివరాలు ఒక పేజీలో సరిపోతాయి. మిగతా పేజీల్లో రాయవలసినవి వేరు. పొద్దున లేవగానే చాయ్ తాగేవారా, ముఖం కడిగాకనా? తల ఏ వైపు పెట్టి పడుకునేవారు? స్నానం పొద్దునా, సాయంత్రమా? ఏ కూర అంటే ప్రాణం, ఏది ముట్టరు? ఏ దేవుడు, ఏ రోజు ఉపవాసం, లేదా నమాజు ఏ వేళల్లో? ఎవరి మాటకు గౌరవం ఇచ్చేవారు? దేనికి కోపం వచ్చేది? ఏ చావు, ఏ నష్టం మనసులో ముల్లులా మిగిలింది? ఏ పని చేసినందుకు గర్వపడేవారు?

ఇవన్నీ ఎందుకంటే, అర్థం లేనట్టు కనిపించే ప్రవర్తనకు జవాబు చాలాసార్లు ఈ పుస్తకంలోనే దొరుకుతుంది. భూపాలపల్లి బొగ్గు గనుల్లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన రాత్రి పది దాటాక లేచి చెప్పులు వెతుక్కుంటున్నారనుకోండి. తెలియనివారికి అది పిచ్చితనం. ఏళ్ల తరబడి నైట్ షిఫ్ట్‌కు వెళ్లి మస్టరు (హాజరు) పడేలోపు అందుకున్న మనిషని తెలిస్తే, ఆయన బాధ్యతగా డ్యూటీకి బయలుదేరుతున్నారని అర్థమవుతుంది. అప్పుడు "పడుకో" అని గద్దించరు. "ఈరోజు మీకు వీక్లీ ఆఫ్ కదా, రేపటి షిఫ్ట్‌కు నేనే లేపుతాను" అంటారు. కాజీపేట రైల్వేలో చేసినవారికైనా, 1934లో మొదలై తర్వాత మూతపడిన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో చేసినవారికైనా ఇలాంటి వేళలు ఒంటికి అంటుకుని ఉంటాయి. నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న పెద్దలు కొందరు ఇంకా ఉన్నారు. వారు హఠాత్తుగా ఉర్దూలో లెక్కలు చెబితే కంగారుపడకండి. ఆ భాష తెలిసిన పక్కింటివారిని కాసేపు కూర్చోమని అడగండి.

పుస్తకంలో ఫొటోలు అంటించండి, ప్రతి ఫొటో కింద పెద్ద అక్షరాలతో పేరు, వరస రాయండి. చదువు రానివారైతే మీరే చూపిస్తూ చెప్పండి. ఇటీవలి ఫొటోల కన్నా పెళ్లినాటివి, పిల్లలు చిన్నగా ఉన్నప్పటివి ఎక్కువ పెట్టండి. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్‌లో ముందు చెదిరేవి కొత్త జ్ఞాపకాలు, పాతవి ఎక్కువ కాలం నిలుస్తాయి. నలభై ఏళ్ల కొడుకును పోల్చలేని తల్లి ఆరేళ్ల వాడి ఫొటో చూసి పేరు పెట్టి పిలవడం వింత కాదు.

పిలుపు

ఇన్నేళ్లూ ఎలా పిలిచారో అలాగే పిలవండి. బాపు, నాయిన, అవ్వ, అమ్మ, అబ్బాజాన్, ఏదైనా సరే. నర్సులు, పనివాళ్లు "తాతా", "ముసలమ్మా" అనడం మొదలుపెడితే సున్నితంగా ఆపి, "ఆయనను సార్ అనండి, ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పారు" అని చెప్పండి. ఆడవారి విషయంలో ఇంకో సంగతి ఉంది. పెళ్లయ్యాక చాలామంది ఫలానావాళ్ల కోడలిగా, ఫలానావాళ్ల అమ్మగా బతికారు. జబ్బు పెరిగాక ఆ పిలుపులకు పలకకపోయినా, పుట్టింట్లో పిలిచిన పేరుకు తల తిప్పుతారు. ఆ పేరేమిటో మేనమామల ఇంటివాళ్లను అడిగి తెలుసుకోండి.

మాట్లాడే తీరు

ఎదురుగా వెళ్లి, వారి కళ్లకు సమానమైన ఎత్తులో కూర్చోండి. ముందు మీ పేరు, వరస మీరే చెప్పండి: "అవ్వా, నేను నీ చిన్న బిడ్డను, కరీంనగర్ నుంచి వచ్చాను." టీవీ ఆపండి. ఒకసారికి ఒకే మాట, ఆ తర్వాత కాసేపు ఆగడం. జవాబు రావడానికి మనం అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ సమయం పడుతుంది, ఆ నిశ్శబ్దాన్ని మీరు నింపేయకండి. "ఏం తింటావు?" అని అడగడం కన్నా రెండు గిన్నెలు చూపించి "ఇదా, ఇదా?" అనడం మేలు. ఎంచుకునే హక్కు వారి దగ్గరే ఉంటుంది, ఆలోచించే భారం తగ్గుతుంది.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకులకు కూడా ఇదే చెప్పండి. ఫోను తెర మీద చిన్న ముఖం, ఆగి ఆగి వచ్చే గొంతు వారిని గందరగోళపెడతాయి. రోజూ ఒకే వేళకు చేయమనండి, పేరు చెప్పి మొదలుపెట్టమనండి. ప్రశ్నలు వద్దు. "మన బావి దగ్గర మామిడి చెట్టుకు నువ్వు ఊయల కట్టావు కదా బాపూ" వంటి మాట ఒక్కటి చాలు.

పెద్దవారు గదిలో ఉండగా వారి జబ్బు గురించి, ఖర్చు గురించి, ఎవరింట్లో ఉంచాలన్న దాని గురించి మాట్లాడకండి. మాట పూర్తిగా అర్థం కాకపోయినా గొంతులోని విసుగు అర్థమవుతుంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం వెలువరించారు. అల్జీమర్స్ ఉన్న 17 మందికి విషాదం, సంతోషం కలిగించే సినిమా దృశ్యాలు చూపించారు. వారు చూసినదాన్ని చాలావరకు మరిచిపోయినా, దానివల్ల కలిగిన బాధ, సంతోషం మాత్రం తర్వాత కూడా మిగిలాయి. మీరు కసురుకున్న సంగతి అవ్వ మరిచిపోవచ్చు. ఎందుకో తెలియని బాధ మాత్రం సాయంత్రం దాకా ఆమెను పట్టుకుని ఉంటుంది. మంచి కూడా అలాగే నిలుస్తుంది, కాబట్టి "ఎలాగూ గుర్తుండదు కదా, వెళ్లి ఏం లాభం" అనే చుట్టాలకు ఈ సంగతి చెప్పండి.

"నేను ఇంటికి పోతాను" అన్నప్పుడు

సొంత ఇంట్లో కూర్చునే ఈ మాట అంటారు. "ఇదే నీ ఇల్లు" అని వాదిస్తే భయం పెరుగుతుంది. ముందు ఒంటి సంగతి చూడండి: మూత్రానికి వెళ్లాలా, ఆకలా, ఎక్కడైనా నొప్పా? తర్వాత ఆ ఇంటి గురించే అడగండి. ఏ ఊరు, వాకిట్లో ఏ చెట్టు, ఎన్ని బర్రెలు ఉండేవి? చాలాసార్లు వారు కోరుతున్నది ఇటుకల ఇల్లు కాదు, ఆ ఇంట్లో తమకున్న భరోసా. కాసేపు మాట్లాడి, వీధి చివరి వరకు నడిపించి తీసుకొస్తే మనసు కుదుటపడుతుంది.

ఎప్పుడో చనిపోయిన తల్లిని అడిగితే ఏం చెప్పాలి? చావు కబురు ప్రతిసారీ చెప్పకండి, ప్రతిసారీ అది కొత్త చావే. అలాగని "బజారుకు వెళ్లింది, వస్తుంది" అని అబద్ధం చెప్పడం కూడా నాకు సరైనదిగా తోచదు. వారు గడప వైపు చూస్తూ కూర్చుంటారు, నమ్మకం పోతుంది. "అమ్మ యాదికొచ్చిందా? అమ్మ చేసే సర్వపిండి గురించి చెప్పు" అనండి. అది అబద్ధమూ కాదు, గాయమూ కాదు.

పైసలు పోయాయని నింద వేసినప్పుడు అది ఎక్కువగా పడేది కోడలి మీదే. పగలంతా చేసిన మనిషికి ఆ మాట గుండెల్లో గుచ్చుకుంటుంది. మిగతావాళ్లు వెంటనే ఆమె పక్షాన నిలబడాలి, "నువ్వు తీయలేదని మాకు తెలుసు" అని పెద్దవారి వినికిడికి దూరంగా ఆమెతో అనాలి. పెద్దవారితో మాత్రం వాదన వద్దు, కలిసి వెతకండి. చిన్న నోట్లు కొన్ని వేసిన గుడ్డ సంచి ఒకటి ఎప్పుడూ వారి చేతికందేలా ఉంచండి. తన డబ్బు తన దగ్గర ఉందన్న ధీమా చాలా గొడవలను ఆపుతుంది.

చేతికి పని

"కూర్చో, నీకెందుకు, మేం చేస్తాం" అని పని లాగేసుకోవడం మనం ప్రేమ అనుకుని చేసే పెద్ద అన్యాయం. జీవితమంతా కష్టపడి బతికిన మనిషికి పని లేకపోతే తాను ఎవరో తెలియదు. మాటలు, పేర్లు పోయాక కూడా చేతులు నేర్చిన పని చాలాకాలం నిలుస్తుంది. మెదడులో ఆ నేర్పు దాగేది వేరే చోట.

కాబట్టి ఆ చేతులు ఏం చేసేవో చూసి, దానికి దగ్గరి పనిని ప్రమాదం లేకుండా అమర్చండి. బీడీలు చుట్టిన అమ్మకు ఒళ్లో చేట పెట్టి, ముందే కత్తిరించిన కాగితపు ముక్కలు, దారం ఇవ్వండి. పొగాకు, కత్తెర అక్కర్లేదు. కొత్తవాడలో జంపఖానాలు నేసిన ఇంటివారికి నూలు ఇచ్చి కండెలు చుట్టమనండి. సేద్యం చేసిన ఆయనకు పల్లీలు వలవడం, పత్తి నుంచి గింజ తీయడం, పెరట్లో మొక్కలకు నీళ్లు పోయడం అప్పగించండి. ఎండుమిర్చి తొడిమలు మాత్రం ఇవ్వకండి, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుంటారు. బడిపంతులుకు పాత నోటుపుస్తకాలు, ఎర్ర పెన్ను ఇవ్వండి. ఇంటి పిల్లలు ఎక్కాలు ఆయన ముందు అప్పజెబితే ఇంకా మంచిది.

పని అంటే పనిలాగే ఉండాలి. వారు వలిచిన పల్లీలు ఆ రోజు పచ్చడిలో పడాలి, "ఇవి అవ్వ వలిచినవి" అని అన్నం దగ్గర అనాలి. సరిగ్గా రాకపోతే ముందే దిద్దకండి. వారు లేచాక సర్దుకోవచ్చు.

సంక్రాంతికి సకినాలు చేసేటప్పుడు అవ్వను పక్కన కూర్చోబెట్టుకోండి. గుడ్డ మీద పిండిని చుట్లు తిప్పే ఆ వేళ్లు మీ వేళ్లకన్నా నేర్పుగా కదలవచ్చు. నూనె మూకుడు మాత్రం వేరే గదిలో ఉండాలి. బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు ముందుంచి వరుసలు పేర్చమనండి, పాట ఎత్తుకోండి. మాట రాని మనిషి గొంతు కలపడం చూస్తారు. పద్మాక్షి గుట్ట దగ్గరి జనంలోకి తీసుకెళ్లడం కన్నా వీధిలోని నలుగురు ఆడవాళ్లను ఇంటి ముందుకు పిలవడం మేలు. మేడారం జాతర రద్దీ రోజుల్లో కూడా అంతే, ఆ జనంలో చెయ్యి జారితే దొరకడం కష్టం. జాతర కాని రోజుల్లో సమ్మక్క సారలమ్మ గద్దెల దగ్గరికి తీసుకెళ్లి, బంగారం (బెల్లం) వారి చేతులతోనే సమర్పించనివ్వండి.

స్నానం, బట్ట

స్నానం దగ్గర గొడవలు ఎక్కువ, దానికి కారణం చాలావరకు సిగ్గు, చలి, భయం. తల్లికి కూతురో కోడలో, తండ్రికి కొడుకో మగ మనిషో చేయించేలా చూడండి. పైనుంచి కురిసే షవరు భయపెడుతుంది. బకెట్, చెంబు తెలిసిన వస్తువులు. చెంబు వారి చేతికే ఇవ్వండి, మొదటి నీళ్లు కాళ్ల మీద పోసుకోనివ్వండి. ఒంటి మీద ఒక తువ్వాలు కప్పి ఉంచి, కడిగే భాగం మాత్రమే తీయండి. ఈరోజు వద్దంటే తడిగుడ్డతో తుడిచి రేపు చూడండి.

సౌకర్యం కోసం జీవితమంతా చీర కట్టిన మనిషిని ఒక్కరోజులో నైటీలోకి మార్చేయకండి. తేలికైన నూలు చీర, ముందు కుచ్చిళ్లు కుట్టించినది, పనికొస్తుంది. ధోవతి కట్టే ఆయన తలకు రుమాలు లేకుండా బయటికి వచ్చేవారు కాకపోతే ఆ రుమాలు కూడా డ్రెస్సులో భాగమే. కళ్లజోడు, వినికిడి యంత్రం, పళ్ల సెట్టు రోజూ పెట్టండి. అద్దంలో ఎవరో అపరిచితుడున్నాడని భయపడితే అద్దాన్ని గుడ్డతో కప్పండి.

వీధి, సాయంత్రం, మాత్ర

తలుపుకు తాళం ఒక్కటే జవాబు కాదు. మూలమీది కిరాణా దుకాణం, ఆటో స్టాండు, టైలరు, గుడి పూజారి, మసీదు దగ్గరివాళ్లకు ఫొటో చూపించి చెప్పి ఉంచండి. దాచిపెడితే మీకే నష్టం. జేబులో, కొంగుకు కట్టిన చిన్న సంచిలో మీ ఫోను నంబరున్న కాగితం ఉండాలి. తప్పిపోతే మొదట పాత దారులు వెతకండి: స్టేషను, పొలం, పాత బడి, దగ్గరలోని చెరువు. ఆలస్యం చేయకుండా 112కు ఫోను చేయండి.

పొద్దు వాలేటప్పుడు ఆందోళన పెరగడం ఈ జబ్బులో తరచూ కనిపిస్తుంది. చీకటి పడకముందే లైట్లు వేయండి, ఆ వేళకు చేతికి పని గానీ భజన గానీ ఉండేలా చూడండి. "ఊరికే అరుస్తున్నారు, మత్తు మాత్ర రాయండి" అని అడగడానికి తొందరపడకండి. డిమెన్షియా ఉన్న వృద్ధులకు మానసిక రోగాలకు వాడే కొన్ని మందులు మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. కొన్నిసార్లు అవసరమవుతాయి. అప్పుడు ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఎప్పుడు ఆపాలి అని డాక్టరును అడిగి రాసుకోండి.

కాగితాలు

తొలి దశలోనే తేల్చుకోండి. డిమెన్షియా అని డాక్టరు రాసినంత మాత్రాన ఆ మనిషికి మతి స్థిమితం లేదని చట్టం అనుకోదు. కోర్టు తేల్చితే తప్ప అలా భావించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. తనకు ఎలాంటి చికిత్స కావాలో, వద్దో ముందే రాసిపెట్టే హక్కును, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని నియమించుకునే హక్కును అదే చట్టం ఇస్తోంది. ఇచ్చినవారికి తర్వాత మతి స్థిమితం పోతే సాధారణ పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున వ్యవహరించే అధికారాన్ని మరొకరికి ఇచ్చే పత్రం) చెల్లకుండా పోతుంది, కాబట్టి దాన్ని నమ్ముకుని ఉండకుండా వకీలును కలవండి. అర్థం చేసుకోలేని స్థితిలో ఉన్నవారి చేత వేలిముద్ర వేయించడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

వేరేవాళ్ల చేతికి అప్పగించేటప్పుడు

మనిషిని పెట్టుకున్నా, ఆసుపత్రిలో చేర్చినా, నోటుపుస్తకమంతా ఎవరూ చదవరు. అందులోంచి ఒకే పేజీ తయారుచేయండి. ఎలా పిలవాలి, ఏ భాష, ఏం పని చేశారు, నొప్పి వస్తే ముఖం ఎలా పెడతారు, దేనికి భయం, ఏం చెబితే శాంతిస్తారు, ఏం తింటారు. ఆసుపత్రి మంచం తల దగ్గర అంటించండి. షిఫ్ట్ మారిన ప్రతి నర్సుకూ మళ్లీ చూపించండి, అడగడానికి మొహమాటపడకండి.

మాట పూర్తిగా ఆగిపోయిన దశలో కూడా ఈ పేజీ పనికొస్తుంది. అన్నం పెట్టేముందు ఏం పెడుతున్నారో చెప్పండి, పక్కకు తిప్పేముందు తిప్పుతున్నానని చెప్పండి. కాళ్లకు నూనె రాయండి, ఇష్టమైన పాట పెట్టండి, పండుగ నాడు కొత్త బట్ట కట్టండి.

ఇదంతా ఒక్క మనిషి చేయగలిగే పని కాదు. సాధారణంగా ఒకే కోడలి మీదో, పెళ్లి కాని కూతురి మీదో పడుతుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూర్చుని వారానికి ఎవరు ఏ రోజు అన్నది కాగితం మీద రాయండి. దూరాన ఉన్నవాళ్లు డబ్బు ఇవ్వడంతో పాటు, సెలవుపై వచ్చినప్పుడు పూర్తి బాధ్యత తీసుకుని ఆమెను పుట్టింటికి పంపాలి. ఆమెకు నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపు వస్తున్నా 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలిమానస్ సలహాదారులు తెలుగులో మాట్లాడతారు. వృద్ధుల సంరక్షణకు సంబంధించిన సందేహాలకు 14567 ఉంది. ఈ రెండు నంబర్లను నోటుపుస్తకం మొదటి పేజీలోనే రాసి పెట్టుకోండి.